మిల్లరు లెక్క, మహానిరాశ

1962 ఫిబ్రవరి మొదటి వారమున సూర్యచంద్రులు మొదలుకొని కేతువు వరకు ఎనిమిది గ్రహములు మకరరాశిలో కూడుకొన్నవి. అష్టగ్రహకూటమి యని దానికి పేరు వచ్చెను. లోకమునకేదియో మహావిపత్తు వాటిల్లునని దేశమంతట ఒక కలవరము పుట్టెను. ఊరూర శాంతులు, హోమములు జరిగినవి. ప్రయాణములు మానుకొన్నవారును, శుభకార్యములు వాయిదా వేసికొన్నవారును కలరు. ఫిబ్రవరి 5వ తేది గడచెను. మరునాడు యథాప్రకారముగ తెల్లవారెను. పాలవాడు పాలు తెచ్చెను. పిల్లలు బడికి పోయిరి. అటుపిమ్మట ఆ సంగతి తలచుకొని నవ్వుకొననివారు అరుదు.

మాకు మాత్రము ఆ నవ్వులో ఒక లోపము కనబడుచున్నది. భయపడినవారందరును బుద్ధిహీనులు కారు. లోకమునకొక ముగింపు కలదను తలంపు అనేక మతములలో కలదు. మన పురాణములు ప్రళయమును, కల్కి రాకను వర్ణించినవి. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేర వ్యాపించిన కాలజ్ఞానము తెలుగు పల్లెలలో నేటికిని వినబడుచున్నది. తలంపు తలంపుగ ఉన్నంతకాలము అది మనుష్యుని నడవడిని సరిదిద్దవచ్చును. దుఃఖములో ఊరటయు కావచ్చును. కాని ఆ తలంపు ఒక నిశ్చితమైన తేదితో ముడిపడినప్పుడు ఏమి జరుగును? ఆ తేది వచ్చి, ఏమియు జరుగకయే పోయినచో, నమ్మినవారు మరునాటి ఉదయమున ఏమి చేయుదురు? ఈ ప్రశ్నకు చరిత్రలో మిక్కిలి వివరముగ దొరకు సమాధానము 19వ శతాబ్దిలో అమెరికా దేశమున జరిగిన ఒక ఉదంతము. దానిని ఈ వ్యాసమున చెప్పదలచితిమి.

ముందుగా ఆ ఉదంతమునకు మూలమైన బోధనుగూర్చి నాలుగు మాటలు. క్రైస్తవ మతమున అంత్యదినముల బోధ తరువాతి కాలమున చేరినది కాదు. క్రీస్తు మరల వచ్చుననియు, మృతులు లేతురనియు, సకలజనులకును తీర్పు జరుగుననియు తొలినాటి సంఘము నమ్మెను. ఈ రాకనే తెలుగు క్రైస్తవులు రెండవ రాకడ యందురు. అపోస్తలుడగు పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన లేఖలను చదివినచో, ఆనాటి విశ్వాసులు రాకడ తమ కాలముననే సంభవించునని ఎదురుచూచినట్లు తోచును. వారిలో కొందరు పనిపాటలు లేక తిరుగుచుండగా పౌలు వారిని మందలింపవలసి వచ్చెను.

ఈ బోధలో మొదటినుండియు రెండు పాయలు కలవు. ఆ దినమెప్పుడో తండ్రియగు దేవునికి తప్ప ఎవరికిని తెలియదని క్రీస్తు శిష్యులతో చెప్పినట్లు మత్తయి సువార్త 24వ అధ్యాయమున ఉన్నది. ఇది ఒక పాయ. దానియేలు గ్రంథమునందును, ప్రకటన గ్రంథమునందును 1,260 దినములు, 1,335 దినములు, 2,300 దినములు, వెయ్యి సంవత్సరములు మున్నగు సంఖ్యలు కలవు. ఇది రెండవ పాయ. మొదటిది తెలిసికొనబోవద్దనును, రెండవది లెక్కించుమని ఆశపెట్టునట్లుండును. రెండువేల సంవత్సరముల క్రైస్తవ చరిత్రలో ఈ రెండింటికిని పోరు సాగుచునే ఉన్నది.

2వ శతాబ్దిలో ఫ్రిగియా దేశమున మోంటానసు అనునతని అనుచరులు పరలోకపు యెరూషలేము తమ ప్రాంతమున పెపూజా యను ఊరిలో దిగునని నిరీక్షించిరి. 5వ శతాబ్ది ఆరంభమున అగస్తీను తన 'దైవనగరము' అను మహాగ్రంథమున, వెయ్యేండ్ల పరిపాలన యనగా రాబోవు ఒక రాజ్యము కాదనియు, సంఘము నడచుచున్న ఈ కాలమే అనియు వ్యాఖ్యానించి, లెక్కలు వేయువారి ఉత్సాహమును చాలవరకు చల్లార్చెను. అయినను ఆ నిప్పు ఆరిపోలేదు. 1534లో జర్మనీలోని మ్యూన్‌స్టరు నగరమును కొందరు అనాబాప్తిస్టులు వశపరచుకొని, అదియే నూతన యెరూషలేము అని ప్రకటించిరి. లోకాంతము ఈస్టరు పండుగనాటికి వచ్చునని చెప్పిన నాయకుడు ఆ పండుగనాడే కోట వెలుపల పోరాటమున హతుడయ్యెను. 1535లో నగరము పడిపోయెను; నాయకుల శవములను ఇనుపబోనులలో పెట్టి చర్చి గోపురమునకు వ్రేలాడదీసిరి. ఆ బోనులు నేటికిని అచ్చట ఉన్నవి. మరల 18వ శతాబ్దిలో యోహాను బెంగెలు అను గొప్ప జర్మను పండితుడు, బైబిలు మూలపాఠమును పరిష్కరించుటలో ప్రామాణికుడని పేరుగన్నవాడు, 1836ను నిర్ణాయక సంవత్సరముగ లెక్కకట్టెను. పామరులు మాత్రమే ఈ ఆశకు లోబడిరనుకొనుట పొరపాటు.

ఇక మన కథానాయకుడు విలియం మిల్లరు. ఇతడు 1782లో మసాచుసెట్సు రాష్ట్రములోని పిట్స్‌ఫీల్డున జన్మించి, న్యూయార్కు రాష్ట్రపు తూర్పు సరిహద్దున ఉన్న లో హాంప్టను అను పల్లెలో పెరిగెను. వృత్తి వ్యవసాయము. పెద్ద చదువు చదువలేదు. కాని పుస్తకములనిన ప్రాణము. యౌవనమున వోల్టేరు, హ్యూము మున్నగువారి వ్రాతలు చదివి, దేవుడు సృష్టిచేసి దూరముగ ఉండునేకాని మానవవ్యవహారములలో కల్పించుకొనడను మతమును అవలంబించెను. 1812లో ఇంగ్లండుతో మొదలైన యుద్ధమున కాప్టెనుగ పనిచేసి, 1814లో ప్లాట్స్‌బర్గు యుద్ధమును చూచెను. బలమున తమకంటె మిక్కిలి అధికులగు శత్రువులు ఓడి మరలిపోవుట అతనిని ఆలోచింపజేసెను. చనిపోయిన తోటి సైనికులు ఏమైరి, మృత్యువుతో అంతయు ముగియునా యను ప్రశ్నయు అతనిని వదలలేదు. 1816లో అతడు మరల బాప్తిస్టు సంఘపు విశ్వాసమునకు వచ్చెను.

పూర్వపు స్నేహితులు అతనిని ఎగతాళి చేసిరి. బైబిలులోని పరస్పర విరోధములను చూపి అడిగిరి. తనకు గడువిచ్చినచో వానినన్నిటిని సమన్వయింతునని మిల్లరు వారికి చెప్పెను. వ్యాఖ్యానములన్నియు ప్రక్కకు నెట్టి, బైబిలును, ఏ మాట ఎచ్చటెచ్చట ఉన్నదో తెలుపు ఒక పదసూచికను మాత్రము ముందుంచుకొని, మొదటి పుటనుండి వచనము వెంబడి వచనము చదువసాగెను. ఒక వచనము విశదమగువరకు తరువాతి దానికి పోయెడివాడు కాడు. ఇట్లు రెండేండ్లు గడచెను. 1818 నాటికి అతడొక నిర్ణయమునకు వచ్చెను. ఇంక సుమారు 25 సంవత్సరములలో లోకము ముగియును, క్రీస్తు వచ్చును.

ఈ లెక్క యెట్టిదో చూతము. దానియేలు గ్రంథము 8వ అధ్యాయమున, 2,300 దినముల పిమ్మట పరిశుద్ధస్థలము శుద్ధి పొందునని ఉన్నది. ప్రవచనములలో దినమనగా సంవత్సరమని ఒక సంప్రదాయము చాలకాలమునుండి కలదు. పరిశుద్ధస్థలమనగా ఈ భూమియేయనియు, దాని శుద్ధి యనగా రాకడనాటి అగ్నిచే జరుగు శుద్ధియేయనియు మిల్లరు భావించెను. 2,300 సంవత్సరములను ఎచ్చటినుండి లెక్కింపవలెను? పారశీక రాజగు అర్తహషస్త యెరూషలేమును గూర్చి యిచ్చిన ఆజ్ఞనుండి, అనగా క్రీస్తు పూర్వము 457నుండి యని అతని నిర్ణయము. 9వ అధ్యాయమున చెప్పబడిన డెబ్బది వారములు, అనగా 490 సంవత్సరములు, అచ్చటినుండియే లెక్కించినచో సరిగా క్రీస్తు సిలువ మరణమునకు చేరుచున్నవని అతనికి తోచెను. ఒక భాగము నెరవేరినది కావున రెండవ భాగమును నెరవేరితీరును. 2,300లోనుండి 457 తీసివేయగా 1843.

ఇందు తర్కము లేదనలేము. ఒక్కొక్క మెట్టు వెనుక ఒక్కొక్క ఆధారము ఉన్నది. లోపము మెట్లలో కాదు, పునాదిలో ఉన్నది. ఆ గ్రంథము తన కాలపు కష్టములను గూర్చి, యెరూషలేము దేవాలయమును అపవిత్రము చేసిన రాజును గూర్చి మాటలాడుచున్నదని నేటి పండితులలో అధికసంఖ్యాకులు చెప్పుదురు. మిల్లరు వలె పొలము దున్నుకొనుచు బైబిలు చదివినవానికి ఆ చరిత్ర అందుబాటులో లేదు. అతనికున్నవి నిజాయితీ, ఓపిక, కూడికలు, తీసివేతలు.

ఈ నిర్ణయమునకు వచ్చినంతనే అతడు వీధికెక్కలేదన్నది గమనింపదగిన విషయము. 13 సంవత్సరములు తనలో తాను పరీక్షించుకొనెను. లెక్క నిజమైనచో నలుగురికి చెప్పకుండుట పాపము. తప్పైనచో చెప్పుట పాపము. ఈ సంకటమున ఉండగా 1831 ఆగస్టులో ఒకనాడు, ఎవరైన పిలిచినచో వెళ్లి చెప్పుదునని దేవునికి మాట యిచ్చెనట. ఎవరును పిలువరను ధైర్యమే దానికి కారణము. అరగంట గడువకమునుపే 16 మైళ్ల దూరమున ఉన్న డ్రెస్‌డెను అను ఊరినుండి మేనల్లుడు వచ్చి, మా ఊరి సంఘమునకు బోధకుడు లేడు, నీవు వచ్చి చెప్పుమని అడిగెను. మిల్లరు కోపముతో, దుఃఖముతో ఇంటి ప్రక్కనున్న చెట్లతోపులోనికి పోయి చాలసేపు ప్రార్థించి, తుదకు బయలుదేరెను. అప్పటికి అతని వయస్సు 49 సంవత్సరములు.

తరువాతి ఎనిమిదేండ్లు అతడు చిన్న ఊళ్లలోనే ఉపన్యసించెను. అవి మతోత్సాహము వెల్లువగ ఉన్న కాలము. 1833 నవంబరు 13వ తేది తెల్లవారుజామున అమెరికా ఆకాశమునుండి నక్షత్రములు వానవలె రాలినట్లు కనబడెను. అవి ఏటేట నవంబరులో రాలు ఉల్కలేయనియు, ముప్పదిమూడేండ్లకొకసారి మిక్కుటమగుననియు ఈనాడు మనకు తెలియును. ఆనాడది అంత్యదిన సూచనవలె అనేకులకు తోచెను. 1837లో బ్యాంకులు కూలి, వ్యాపారములు దెబ్బతిని, జనులు పనులు కోల్పోయిరి. కాలము చెడినప్పుడు కాలము ముగియునన్న మాట చెవికెక్కును.

1839లో బోస్టను నగరపు బోధకుడు జాషువా హైమ్సు మిల్లరును కలిసికొనెను. బానిసత్వ నిర్మూలనము, మద్యపాన నిషేధము, శాంతి మున్నగు ఉద్యమములలో ఆరితేరిన కార్యశూరుడితడు. లోకము నిజముగ ముగియబోవుచున్నచో ఈ వార్త పల్లెలలో దాగియుండుట యేమని మిల్లరును అడిగెను. 1840లో 'కాలసూచనలు' అను అర్థముగల పేరుతో బోస్టనునుండి ఒక పత్రికను వెలువరించెను. 1842లో న్యూయార్కునుండి 'అర్ధరాత్రి కేక' అను పేర మరియొకటి. పెండ్లికుమారునికై ఎదురుచూచిన పదిమంది కన్యకల ఉపమానమునుండి తీసికొన్న పేరది. ఆవిరియంత్రముతో నడచు ముద్రణాలయములు అప్పుడప్పుడే వచ్చుటచే కాగితము, అచ్చు చౌకగ దొరకెను. దానియేలు చూచిన మృగములను, సంఖ్యలను రంగులలో చిత్రించిన పెద్ద పటములను గోడకు వ్రేలాడదీసి బోధకులు వివరించెడివారు. మూడు నాలుగు వేలమంది కూర్చుండదగిన పెద్ద గుడారమును కుట్టించి ఊరూర త్రిప్పిరి. ఇట్లు ఒక రైతు ఏకాంతమున వేసికొన్న లెక్క నాలుగేండ్లలో దేశమంతటి మాటయయ్యెను. నమ్మినవారి సంఖ్య 50,000 మొదలు లక్ష వరకు ఉండునని చరిత్రకారుల అంచనా.

మిల్లరు మాత్రము చాలకాలము తేది చెప్పలేదు. సుమారు 1843 అని మాత్రమే అనెడివాడు. మిత్రులు బలవంతపెట్టగా 1843 జనవరిలో, యూదుల సంవత్సరమును అనుసరించి 1843 మార్చి 21కిని 1844 మార్చి 21కిని నడుమ రాకడ జరుగునని ప్రకటించెను. ఆ మార్చి మాసముననే పగటివేళ సైతము కనబడునంత కాంతిగల ఒక మహా ధూమకేతువు ఆకాశమున పొడసూపెను. జనుల ఉద్వేగమును ఊహించుకొనవచ్చును.

1844 మార్చి 21 గడచెను. మే మాసమున మిల్లరు తన పొరపాటును ఒప్పుకొనుచు లేఖ ప్రకటించెను. గడువు తప్పినను నిరీక్షణ తప్పలేదని అందు చెప్పెను. ఆలస్యమైనను కనిపెట్టుమను భావము హబక్కూకు ప్రవక్త గ్రంథమున ఉన్నదని అనుచరులు ఓదార్చుకొనిరి. వ్యవహారము అచ్చటితో మెల్లగ సమసిపోవలసినదే. కాని లెక్కలోనే ఒక చిన్న దోషము బయటపడెను. క్రీస్తు పూర్వము 1వ సంవత్సరమునకును, క్రీస్తు శకము 1వ సంవత్సరమునకును నడుమ సున్న సంవత్సరము లేదు. క్రీస్తు పూర్వము 457 శరదృతువున మొదలిడి 2,300 నిండు సంవత్సరములు లెక్కించినచో అవి 1843లో గాక 1844 శరదృతువున ముగియును. కూడికలో దొరకిన ఈ ఒక్క సంవత్సరము ఆరిన ఆశకు మరల నెయ్యి పోసెను.

1844 ఆగస్టులో న్యూ హాంప్‌షైరు రాష్ట్రపు ఎక్సెటరు అను ఊరిలో జరిగిన గుడారపు సభలో శామ్యూలు స్నో అను బోధకుడు మరియొక అడుగు ముందుకు వేసెను. పరిశుద్ధస్థలమును శుద్ధిచేయునది యూదుల ప్రాయశ్చిత్త దినము. అది ఏడవ నెల పదియవ దినము. కరాయీలను ఒక యూదశాఖవారి పంచాంగము ప్రకారము ఆ యేట అది అక్టోబరు 22, మంగళవారము. ఆ దినముననే క్రీస్తు వచ్చునని అతడు చెప్పెను. సామాన్య యూదులు ఆ పండుగను సెప్టెంబరు 23వ తేదిననే జరుపుకొనిరి. అయినను ఆ శాఖవారి పద్ధతియే ప్రాచీనమని వాదించిరి. ఈ మాట దావానలమువలె వ్యాపించెను. నాయకులు దీనిని పుట్టింపలేదు. జనులే ముందు నడచిరి. మిల్లరు, హైమ్సు చాలదినములు సందేహించి, అక్టోబరు మొదటి వారమున మాత్రమే అంగీకరించిరి.

చివరి వారములలో జరిగిన సంగతులు కొన్ని హృదయమును కదల్చును. పంట కోయుట నమ్మకము లేకపోవుటకు గుర్తని కొందరు రైతులు పొలములను అట్లే విడిచిరి. కొందరు దుకాణములు మూసిరి. అప్పులున్నవారు ఉన్నదమ్ముకొని తీర్చివేసిరి. ఎప్పుడో చేసిన చిన్న మోసమును ఒప్పుకొని సొమ్ము తిరిగియిచ్చినవారు కలరు. ఏండ్ల తరబడి మాటలు లేని బంధువులయొద్దకు పోయి క్షమాపణ కోరినవారు కలరు. మ్యూన్‌స్టరువారివలె వీరు కత్తిపట్టలేదు. ఎవరి ఆస్తిని కాజేయలేదు. తమకున్నదానిని పోగొట్టుకొనిరి.

అక్టోబరు 22 వచ్చెను. ఇండ్లలోను, సభామందిరములలోను చేరి కనిపెట్టిరి. సూర్యుడస్తమించెను. అర్ధరాత్రివరకు దినము మిగిలియున్నదికదా యని ఓర్చుకొనిరి. గడియారము పన్నెండు కొట్టెను. న్యూయార్కు రాష్ట్రములో హైరము ఎడ్సను అను రైతు ఆ రాత్రిని గూర్చి తరువాత వ్రాసెను. తెల్లవారువరకు అందరును ఏడ్చుచునే ఉండిరట. ఆప్తులందరు ఒక్కసారి చనిపోయినను అంత దుఃఖము కలుగదనిపించెనట. అమెరికా చరిత్రలో దీనికి మహానిరాశ యను పేరు నిలిచెను.

మరునాటినుండి వీధిలో నడువలేకపోయిరి. ఇంకను పైకి పోలేదా యని పిల్లలుసైతము అడిగిరి. కొన్ని యూళ్లలో అల్లరిమూకలు సభామందిరముల మీద పడినవి. తెల్లని అంగీలు తొడుగుకొని మేడలమీద, చెట్లమీద ఎక్కి కూర్చుండిరని పత్రికలు కథలు అల్లినవి. ఈ అంగీల కథ నూరేండ్లు చరిత్ర పుస్తకములలో సైతము చోటుచేసికొన్నది. 1944లో ఎఫ్. డి. నికలు అను రచయిత పాతపత్రికలను, లేఖలను గాలించి, దానికి నమ్మదగిన ఆధారము లేదని చూపెను. అతడు ఆ సంప్రదాయమునకు చెందినవాడైనను, అతని ఈ నిర్ణయమును తరువాతి చరిత్రకారులు చాలవరకు ఆమోదించిరి. పంట వదలుకొన్నవారి కుటుంబములకు ఆ శీతకాలము గడచుట కష్టమైనప్పుడు, తోటివారు వారిని ఆదుకొనవలెనని హైమ్సు తన పత్రికలో పిలుపునిచ్చెను. లోకమును హెచ్చరించుటకు పెట్టిన పత్రిక తిండిగింజలకై విజ్ఞప్తిచేయవలసి వచ్చెను.

మిల్లరు సంగతి యేమి? 1845లో అతని సొంత ఊరి బాప్తిస్టు సంఘము అతనిని వెలివేసెను. ఆ యేడే అతడు తన జీవితమును, లెక్కను వివరించు ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. తాను చెప్పిన కాలము తప్పిపోయినదని దానిలో ఏ ముసుగును లేక ఒప్పుకొనెను. నిందను స్నోమీదనో, మరియొకరిమీదనో త్రోయలేదు. కొందరనుచరులు ఆ దినమున అదృశ్యముగ ఏదియో జరిగినదని క్రొత్త వ్యాఖ్యానములు చెప్పగా వాని జోలికి పోలేదు. 1848లో కన్నులు కనబడుట మానినవి. అదే సంవత్సరము తన యింటిదగ్గర ఒక చిన్న ప్రార్థనామందిరము కట్టించుకొనెను. 1849 డిసెంబరు 20న మరణించెను. క్రీస్తు వచ్చునన్న విశ్వాసమును మాత్రము కడవరకు విడువలేదు.

నమ్మినవారు మూడు త్రోవల పోయిరి. చాలమంది పూర్వపు సంఘములకు మరలిరి, లేదా మతమునే విడిచిరి. కొందరు క్రొత్త తేదులు వేసికొనుచు క్రమక్రమముగ చెల్లాచెదరైరి. మూడవవారు ఆలోచింపసాగిరి. పైన చెప్పిన ఎడ్సను అక్టోబరు 23వ తేది ఉదయమున మొక్కజొన్నచేను గుండ నడచుచుండగ, శుద్ధిచేయవలసిన పరిశుద్ధస్థలము భూమి కాదనియు, అది పరలోకమున ఉన్నదనియు, క్రీస్తు ఆ దినమున అచ్చట ఒక క్రొత్త పరిచర్యకు పూనెననియు స్ఫురించెనట. తేది సరియైనదే, సంభవము వేరు అను ఈ వ్యాఖ్యానమును స్వీకరించినవారు, శనివారమును విశ్రాంతిదినముగ పాటించుచు, జేమ్సు వైటు, ఎలెను వైటు దంపతుల నాయకత్వమున 1863లో సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘముగ ఏర్పడిరి. నాడు సభ్యులు సుమారు 3,500. నేడు లోకమంతట రెండు కోట్లకు పైబడియున్నారు.

తప్పిన జోస్యము నమ్మినవారిని చెదరగొట్టుటకు మారుగ ఒక్కొక్కప్పుడు మరింత గట్టిపరచుట యెట్లో అమెరికను మనశ్శాస్త్రజ్ఞుడు లియోను ఫెస్టింజరు, ఆయన సహచరులు 1956లో ప్రకటించిన గ్రంథమున చర్చించిరి. మిల్లరు ఉదంతమును వారు ఒక దృష్టాంతముగ తీసికొనిరి. త్యాగము చేసినకొలది తప్పు ఒప్పుకొనుట కష్టమగునని వారి భావము. ఇందు సత్యమున్నది. కాని ఇదియే సత్యమంతయు కాదని మా అభిప్రాయము. ఒప్పుకొనుట మిక్కిలి కష్టమైన మనిషి మిల్లరే; అతడు ఒప్పుకొనెను.

మరియొక సంగతి కూడ కలదు. రేపు లేదని నమ్మినవారి వారసులు రేపటికై చాల కట్టిరి. 1866లో మిషిగను రాష్ట్రములోని బ్యాటిల్ క్రీకున వారు ఆరోగ్యాలయము స్థాపించిరి. జాను హార్వే కెల్లాగు అను వైద్యుడు దానిని నడపెను. రోగుల పథ్యమునకై అతడును, తమ్ముడును చేసిన ప్రయోగములనుండియే నేడు మన ఇండ్లలో పిల్లలు పాలలో వేసికొని తిను మొక్కజొన్న అటుకులు, అనగా కార్న్‌ఫ్లేక్సు, పుట్టినవి. మన తెలుగునాటనే నూజివీడులో గిఫర్డు మెమోరియలు ఆసుపత్రి కలదు. 20వ శతాబ్ది పూర్వార్ధమున దానిని నెలకొల్పినవారు ఈ సంఘమువారే. కాన్పుకో, జ్వరమునకో ఆ ఆసుపత్రికి పోయిన మన పల్లెజనులలో ఎందరికి ఈ కథ తెలియును? 1844లో మొక్కజొన్నచేలో ఏడ్చిన రైతుల దుఃఖము నూజివీడు మామిడితోటల నడుమ ఒక వైద్యశాలగ మారినది. చరిత్ర నడక విచిత్రమైనది.

ఈ ఉదంతమునుండి మనము గ్రహింపవలసినదేమి? నమ్మువారందరును అవివేకులని కాదు. లెక్కలన్నియు మోసములని కాదు. చూపు దూరముగ నిలుపుట వేరు. ఆ దూరమును అంగుళములతో కొలిచి, పొరుగువానిని కూడ ఆ కొలతకు కట్టివేయుట వేరు. మొదటిది మనుష్యునిచే అప్పు తీర్పించెను, క్షమాపణ కోరించెను. రెండవది పంటను పొలమున వదలించెను, బిడ్డలను శీతకాలమున ఆకలికి అప్పగించెను. ఈ రెండును ఒకే జనులలో, ఒకే వారమున జరిగినవి. కనుకనే నవ్వుట సులభము, తీర్పు చెప్పుట కష్టము.

తేదులు వేయువారు మిల్లరుతో అంతరింపలేదు. 2012 డిసెంబరు 21న లోకము ముగియునని మయ జాతివారి పంచాంగము పేర పుట్టిన వదంతి సముద్రములు దాటి మన యిండ్లకును వచ్చెను. ఇట్టివి మరల వచ్చును. అప్పుడు మన యింట ఎవరైన పెద్దవారో, పిల్లలో భయపడినచో వారిని ఎగతాళి చేయకుందము. ఆ తేది మరునాడు కూడ పాలవాడు వచ్చునని చెప్పుదము. అంతకుముందు చేయవలసిన పని యేదైన ఉన్నచో, తీర్పవలసిన బాకీ కానిండు, పలుకరింపవలసిన తోబుట్టువు కానిండు, దానికి మాత్రము ఏ లెక్కతోను పనిలేదు. ఈ దినమే చాలును.